బీరపందిట్లో టికెట్ తనిఖీ

ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో టికెట్లు తనిఖీ చేశాను. అంతకాలం ఆ పని చేసినవాడికి ఏ మనిషి మొహం చూసినా మొదట వచ్చే ఆలోచన ఒకటే: వీడి దగ్గర టికెట్ ఉందా? బాత్రూంలో దాక్కున్నవాళ్లనూ, దొంగనిద్ర పోయేవాళ్లనూ, పక్కావిడ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని అమాయకంగా కిటికీలోంచి చూసేవాళ్లనూ పట్టుకుని పట్టుకుని, చివరికి నాకు నిజంగా నిద్రపోతున్నవాళ్లు కూడా నటిస్తున్నట్టే కనిపించేవాళ్లు. రిటైరై నాచారంలో ఇంటిపట్టున కూర్చున్నాక కూడా ఆ చూపు పోలేదు. కూరగాయల బండి వస్తే త్రాసు అడుగున చెయ్యి పెట్టి తడిమేవాణ్ని. పాల ప్యాకెట్టును నొక్కి, ఊపి, వెలుగుకు పట్టి చూసేవాణ్ని.

"నీకు రిటైర్మెంటు ఇచ్చిన్రు గని నీ కండ్లకు ఇయ్యలే," అనేది మా ఆవిడ.

పోచారం దాటి కీసర వైపు తిరిగే దారిలో మాకు ఎకరన్నర భూమి ఉంది. చుట్టూ అంతా ప్లాట్లయిపోయి హద్దురాళ్లు మొలిచాయి గానీ, మా ముక్క ఇంకా చేనుగానే మిగిలింది. అందులో ఒక బోరు, ఒక రేకుల గది, ఒక బర్రె, కొన్ని కోళ్లు. వాటన్నిటినీ చూసుకునేందుకు ఒక జంటను పెట్టాను. ఆయన రాత్రిపూట కొత్త అపార్టుమెంట్ల దగ్గర వాచ్‌మన్, పగలు నిద్ర. అంచేత చేను మొత్తం ఆమెదే. యాభై దగ్గర పడ్డ సన్నపాటి మనిషి. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడినప్పుడు కళ్లలోకి చూస్తుంది. నా అనుభవంలో టికెట్ లేనివాళ్లలో రెండు రకాలుంటారు. ఒకరు చూపు తప్పిస్తారు, రెండోవాళ్లు సూటిగా చూస్తారు. ఈమె రెండో రకమని మొదటిరోజే రాసిపెట్టుకున్నాను.

మా ఒప్పందం సులువైనదే. పండించేదీ అమ్ముకునేదీ వాళ్లే. నాకు వారానికి ఒక సంచి కూరగాయలు, కొన్ని గుడ్లు, భూమి బీడు పడకుండా ఉంటుందన్న నిశ్చింత. నేను ఆదివారాలు వెళ్లేవాణ్ని. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఆదివారం రద్దీ తక్కువ అని ఇంట్లో చెప్పేవాణ్ని. అసలు కారణం వేరే ఉంది. వాళ్లిద్దరూ ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా ఊళ్లో చర్చికి పోతారు. ఆ మూడు గంటలూ చేను ఖాళీ. తనిఖీ అనేది చెప్పి చేస్తే తనిఖీ కాదు కదా.

మొదటి ఎండాకాలంలో గుడ్ల మీద అనుమానం వచ్చింది. అన్ని కోళ్లు తిరుగుతున్నాయి, నా సంచిలోకి ఆరు గుడ్లే వస్తున్నాయి. ఒక ఆదివారం గడ్డివాము వెనక గంపలో తొమ్మిది గుడ్లు కనిపించాయి. ఆ కోడి దిగి నీళ్లు తాగడానికి వెళ్లిన సమయం చూసి, జేబులోంచి బాల్‌పెన్ను తీసి తొమ్మిదింటి మీదా సంతకం పెట్టాను. సంతకం కింద తేదీ కూడా వేశాను. ఆ కోడి తిరిగి వచ్చి నా చేతిని పొడిచింది, అయినా పని పూర్తిచేశాకే లేచాను. తర్వాతి వారం ఊరెళ్లాల్సి వచ్చింది, ఆ పై వారం వాన. మళ్లీ వెళ్లేసరికి గంప ఖాళీగా ఉంది. కోపం ఆపుకోలేక, వాళ్లు చర్చి నుంచి వచ్చేదాకా గడప మీద కూర్చున్నాను.

"గంపల తొమ్మిది గుడ్లుండాలె. ఎటుపోయినయి?" అన్నాను.

ఆమె తొందరపడలేదు. చేతిలో ఉన్న బైబిలును లోపల పెట్టి వచ్చి, బర్రె కొట్టం వైపు చూపించింది. అక్కడ తల్లి వెనకాల పసుపు ముద్దల్లా కోడిపిల్లలు తిరుగుతున్నాయి.

"మీరు సంతకం వెట్టినయి గవే సారూ. నడుస్తున్నయి," అంది.

పెంటకుప్ప పక్కన పగిలిన పెంకుల మీద నా సంతకం సగం సగం కనిపించింది. మా ఆవిడ ఈ సంగతి విని రెండు రోజులు నవ్వింది. నేను మాత్రం పిల్లల్ని లెక్కపెట్టి ఎనిమిదే ఉన్నాయని గమనించాను. ఒకటి గద్ద ఎత్తుకుపోయిందట. గద్దను అడగలేం గనక ఊరుకున్నాను.

తొలకరికి చేలో ఆమె మక్కజొన్న పెట్టింది. మొలకలు రాగానే కాకులు దిగి పీకడం మొదలుపెట్టాయి. నేను వెళ్లేసరికి చేను నడుమ ఒక కర్ర పాతి, దానికి చచ్చిన కాకిని తలకిందులుగా కట్టి ఉంచింది. అది గాలికి తిరుగుతుంటే చూడబుద్ధి కాలేదు.

"గిదేందమ్మా, గిట్ల కట్టినవ్?"

"దొంగలకు దొంగ మొఖం సూపియ్యాలె సారూ. గప్పుడు మల్ల రారు."

పద్ధతి నాకు నచ్చింది. ప్రతి స్టేషన్లో ఇలాంటిది ఒకటి ఉంటే బాగుండేదని కూడా అనిపించింది.

అసలు గొడవ బీరకాయలతో మొదలైంది. వానలు పడ్డాక బోరు పక్కన ఆమె సొంతంగా పందిరి వేసింది. కట్టెలు ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చింది, తీగలు తానే అల్లింది. శ్రావణం వచ్చేసరికి పందిరి నిండా పసుపు పూలు, వాటి వెనక పిందెలు. కిందికి వంగి లోపలికి వెళితే చల్లగా, పచ్చగా, కాయలు తలకు తగులుతూ ఉండేవి. అంత కాపు ఉంది, నా సంచిలోకి మాత్రం వంకర కాయలే వచ్చేవి. కొన్ని ముదిరి బెండు పట్టినవి.

"గీ బీరకాయను కూర వండుడెందుకు? ఎండవెట్టి వీపు రుద్దుకోవచ్చు," అంది మా ఆవిడ, కత్తిపీట దగ్గర చెమట తుడుచుకుంటూ.

మరుసటి ఆదివారం పందిట్లోకి దూరి ఒక్కొక్క కాయా చూశాను. అప్పుడు కనిపించాయి దారాలు. నడిమధ్యలో, బయటివాళ్లకు కనబడని చోట, తిన్నగా, లేతగా, జానెడేసి ఉన్న కాయలు పదకొండు. ఒక్కోదాని తొడిమకు ఎర్ర దారం ముడి వేసి ఉంది. ముప్పై ఏళ్లు చార్టులు చూసినవాణ్ని, నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? అది రిజర్వేషన్. నా భూమిలో, నా బోరు నీళ్లతో పెరిగిన మంచి కాయలు ఎవరి పేరు మీదో బుక్కయిపోయాయి. నాకు వెయిటింగ్ లిస్టులో వంకరవి.

చర్చి నుంచి వచ్చాక మామూలుగా అడిగినట్టు అడిగాను. "కాయలకు దారాలేంది?"

"ఊకెనే సారూ. గుర్తుకు."

అంతే చెప్పి బర్రెకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయింది. ఊరికే ఎవరూ దారం కట్టరు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా ఇంట్లో మంచం కింద ఒక ఇనప్పెట్టె ఉంది. అందులో నా పాత టికెట్ పంచ్ ఉంది. అట్ట టికెట్ల కాలంలో గేటు దగ్గర నిలబడి టికెట్లకు కన్నం వేసేవాళ్లం, దానికి వాడే చిన్న పట్టకారు. ఒక్కో పంచ్ ఒక్కో ఆకారంలో కత్తిరిస్తుంది. నాది అర్ధచంద్రం. అట్ట టికెట్లు పోయాక దాన్ని స్టోర్సుకు తిరిగి అప్పగించాలి. నేను అప్పగించలేదు. ఈ ఒక్క విషయంలో నన్ను నేనెప్పుడూ తనిఖీ చేసుకోలేదు.

బీరకాయ పొడుగునా అంచులు లేచి ఉంటాయి. లేత కాయ అంచు పంచ్ నోట్లో సరిగ్గా పడుతుంది. తర్వాతి ఆదివారం పందిట్లో కూర్చుని, దారం కట్టిన ప్రతి కాయకూ ఒక అర్ధచంద్రం కొట్టాను. కటక్, కటక్ అని ఆ పాత చప్పుడు వింటుంటే ఒంట్లో వయసు తగ్గినట్టయింది. సంతోషంగా ఉందని ఒప్పుకోవాలి. ఈ గుర్తున్న కాయలు నా సంచిలోకి వస్తే ఆమె నిజాయితీపరురాలు. రాకపోతే దొంగ. ఇంతకన్నా సాఫీ పరీక్ష ఉండదు.

వారం తిరిగింది. దారం కాయలు పందిట్లో ఒక్కటీ లేవు. సంచిలో వంకరవే ఉన్నాయి. ఒక్కదానికీ అర్ధచంద్రం లేదు. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే ప్రకటించాను.

"దొరికింది!"

"ఏం దొరికింది?"

"దొంగ."

"బీరకాయలకా?" అంది మా ఆవిడ. పంచ్ సంగతి ఆమెకు చెప్పలేదు. సాక్ష్యం పూర్తిగా చేతికి వచ్చాక చెబుదామనుకున్నాను.

సాక్ష్యం కోసం ఉప్పల్ మార్కెట్టుకు వెళ్లాను. అక్కడ బీరకాయల కుప్పల ముందు కూర్చుని ఒక్కో కాయనూ చుట్టూ తిప్పి చూడసాగాను. నాలుగో కుప్ప దగ్గర అమ్మేవాడికి ఓపిక పోయింది.

"కొనేదుంటే కొను కాకా. గట్ల ముద్దు వెట్టుకునేటట్టు సూడకు, కాయలు సిగ్గుపడ్తయి!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అర్ధచంద్రం ఎక్కడా కనిపించలేదు. సరుకు ఇంకే మార్కెట్టుకో పోతోందనుకున్నాను తప్ప, అసలు సరుకే లేదేమోనన్న ఆలోచన నాకు తట్టలేదు.

పందిట్లో మాత్రం మళ్లీ కొత్త పిందెలకు దారాలు పడ్డాయి. నేను మళ్లీ కొట్టాను. అవీ మాయమయ్యాయి. మూడోసారి దారాలు కట్టింది. మూడోసారీ కొట్టాను. ఆమె మొండితనం చూస్తే దీని వెనక పెద్ద ముఠా ఉందనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం పది దాటాక వెళ్లాను. గది ముందు ఎవరూ లేరు. ఎప్పట్లాగే జేబులో చెయ్యి పెట్టి పందిట్లోకి వంగాను. లోపల ఆమె కూర్చుని ఉంది.

"చర్చికి పోలేదా?" అన్నాను.

"ఆయన పోయిండు. నేను మీ కోసమే ఉన్న సారూ. జర కూసోండ్రి."

ఆమె ముందు చాట ఉంది. చాటలో బీరకాయలు. కుంచించుకుపోయి, వంకర తిరిగి, పక్కల నుంచి జిగురు కారుతూ, చీమలు పట్టి ఉన్నాయి. ఒకదాన్ని విరిచి చూపించింది. లోపల తెల్లటి పురుగులు మసులుతున్నాయి.

"ఎన్నడు సూడని పురుగు సారూ. సూడుండ్రి, అంచు మీద గోరంత కొర్కింది. గాయం అయిన కాడ ఈగ గుడ్లు వెట్టింది, లోపల కుళ్లింది. మూడు కాపులు గిట్లనే పోయినయి. కుళ్లినయి బర్రెకు ఏసిన. యాపనూనె కొట్టిన, బూడిద సల్లిన, ఈగలకు ఎర సీసాలు గట్టిన. ఏ పురుగన్న ఒక్కోకాడ ఒక్కో తీరు కొరుకుతది. గిది అన్నిటికి ఒక్క తీర్గనే కొర్కింది. అద్దంల సూసినట్టు."

నిజమే. అన్నీ అర్ధచంద్రాలే. చాలా శుభ్రంగా పడ్డాయి.

జేబులో పంచ్ తొడకు గుచ్చుకుంటోంది. "దారం కట్టినవే ఎందుకు పోయినై?" అని అడిగాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

అప్పుడు చెప్పింది. వాళ్ల చర్చిలో కోత పండుగ వస్తోంది. ఆ రోజు ఎవరి చేలో పండిన మొదటి పంట వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు.

"పెండ్లైన కాన్నుంచి పక్కోళ్ల చేన్లల్ల కూలికి పోయిన సారూ. పండుగకు అందరు తమ చేన్లయి దెస్తరు, నేను కొనుక్కపోయి వెట్టేది. ఈయేడు మొదటిపారి నేను ఏసిన పందిరి. గందుకే మంచియి దేవునికని దారం గట్టి ఆపిన. ముందుగాల్నే జెప్పుకుంటే ఏం బాగుంటదని మీకు గూడ జెప్పలే. మీ సంచిల వంకరయి వెట్టిన. గదే పాపం తాకిందో..." ఆగి, తన అరచేతుల్ని ఒకసారి చూసుకుంది. "నా చెయ్యే మంచిది గాదేమో సారూ."

అలా అని నా వైపు చూసింది. ఎప్పట్లా కళ్లలోకి కాదు, కొంచెం కిందికి. నా జేబు వైపు చూసిందేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే సరిపోయేది. నేను చెప్పలేదు. "చూద్దాం" అన్నాను. అన్నందుకు సిగ్గు వేసింది.

"మీ ఉప్పల్ దిక్కు మస్తు మంది సైంటిస్టులుంటరంట గద. జర ఎవలకన్న సూపెట్టుండ్రి," అని రెండు కాయలు టిఫిన్ డబ్బాలో పెట్టి ఇచ్చింది. డబ్బాను స్కూటర్ ముందు పెట్టుకుని నాచారం దాకా ఎలా వచ్చానో నాకు గుర్తులేదు.

ఇంట్లో మా ఆవిడ భోజనం అనుకుని డబ్బా మూత తీసింది. ముక్కు మూసుకుంది. తర్వాత వంగి, అర్ధచంద్రాన్ని వేలితో తడిమింది. పెళ్లయిన కొత్తలో నా చొక్కా జేబుల్లోంచీ మడతల్లోంచీ రాలే ఆ చిన్న చిన్న అట్ట ముక్కల్ని ఊడ్చి ఊడ్చి విసిగిన మనిషి. ఆమెకు లెన్సు అవసరం లేదు.

"గీ పురుగు నాకెరుకే," అంది. "ముప్పై ఏండ్ల సంది నేనే సాకుతున్న."

మొత్తం చెప్పాను. ఆమె నవ్వలేదు. అందుకే నాకు భయం వేసింది. "పోయి జెప్పు," అంది ఒకే మాట.

వెళ్లి చెప్పడానికి బదులు నేను ఉప్పల్ మార్కెట్టుకు వెళ్లాను. పండుగ ముందురోజు, శనివారం. కుప్పలన్నీ వెతికి, మచ్చలేని పన్నెండు బీరకాయలు ఏరాను. "అబ్బో, గియ్యాల నిజంగనే కొంటున్నవా కాకా!" అన్నాడు అదే మనిషి. చేనుకు వెళ్లేసరికి ఆమె గడ్డి కోయడానికి పోయింది, ఆయన లోపల నిద్రపోతున్నాడు. నిజంగా నిద్రేనా అని కాసేపు నిలబడి విన్నాను. తర్వాత పందిట్లో దూరి, ఎర్ర దారంతో పన్నెండు కాయల్ని తీగలకు కట్టాను. దూరం నుంచి చూస్తే కాసినట్టే ఉన్నాయి. దగ్గరి నుంచి మాత్రం నేను చూడలేదు.

ఆదివారం మా ఆవిడ కూడా బయల్దేరింది. వెళ్లేసరికి భార్యాభర్తలిద్దరూ తెల్లబట్టలు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. గడప మీద ఒక కొత్త గంప. అందులో ఏడు బీరకాయలు. అన్నీ వంకరవి. రెండింటి అంచు మీద నా అర్ధచంద్రాలు మానిపోయి, గోధుమరంగు మచ్చలు మిగిలాయి. పక్కనే నా సంచి నిండుగా ఉంది. అందులో పన్నెండు మార్కెట్టు కాయలు, పొడుగ్గా, ముదురు పచ్చగా, నాటు కాయలకు ఏ పోలికా లేకుండా ఉన్నాయి. దారాన్ని కూడా విప్పి ఉండ చుట్టి పైన పెట్టింది.

"నిన్న పందిరికి కొత్త రకం కాయలు గాసినయి సారూ. తొడిమె కాడ ముడి గూడ ఉన్నది. మీయి మీ సంచిల వెట్టిన."

మా ఆవిడ కొట్టం వైపు తిరిగి బర్రెను శ్రద్ధగా చూడసాగింది. నేను జేబులోంచి పంచ్ తీసి, గంప పక్కన నిలబడ్డ ఆమె చేతికి ఇచ్చాను.

"నేనే," అన్నాను. "దారాలు చూసి, ఎవరికో పోతున్నాయని..."

ఆమె దాన్ని ఒకసారి నొక్కి చూసింది. కటక్ మంది.

"సగం డౌటు మీ మీదనే ఉండె సారూ. పురుగుకు వారాలు తెల్వయి. గిది ఆదివారమే వస్తది, మేం లేనప్పుడే వస్తది. గుడ్ల మీద సంతకం వెట్టిన మనిషిరి మీరు. గందుకే గా రోజు చర్చి ఇడిసిపెట్టి కూసున్న. మీరే జెప్తరనుకున్న." పంచ్‌ను తిప్పి చూసింది. "మీరు జెప్పలే. ఇగ మిగిలిన సగం నా చేతి మీదనే వెట్టుకున్న. వారమంత గట్లనే ఉన్న. నిన్న గా కాయలు జూసినంక, నా చెయ్యి మంచిదే అని తెలిసింది."

ఎన్ని వేలమంది ముందు చెయ్యి చాపి "టికెట్?" అని నిలబడ్డానో లెక్కలేదు. వాళ్ల చేతులు జేబుల్లో ఉత్తుత్తిగా వెతుకుతుంటే చూడటం నాకు సరదాగా ఉండేది. ఆమె నా ముందు అలాగే ఒక వారం నిలబడిందనీ, నేను జేబులో చెయ్యి పెట్టుకుని చూద్దాం అన్నాననీ అప్పుడు తెలిసింది. నన్ను క్షమించమని అడిగాను. ఆమె గంపలో కాయల్ని సర్దుకుంది.

"ఆ వంకరవే తీసుకుపోతావా?" అన్నాను.

"నా చేన్ల పండినయి గివే గద సారూ," అని గంప ఎత్తుకుంది. నా చేను అని నేను దిద్దలేదు.

ఇప్పుడు చలికాలం. బీరతీగ ఎండిపోయింది. అదే పందిరికి చిక్కుడు పాకించింది. సంచిలోకి మంచి కాయలే వస్తున్నాయి. మా ఆవిడ ఈనెలు తీస్తూ ఒక్క మాటా అనడం లేదు. నేను ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను, కానీ వాళ్లు చర్చి నుంచి వచ్చాక, మధ్యాహ్నం. మొన్న చిక్కుడు పాదుల్లో మళ్లీ ఎర్ర దారాలు కనిపించాయి. ఎవరికోసమో అడగలేదు. అడగాలనిపించలేదని చెబితే అబద్ధం.

పందిరి ముందు కట్టెకు నా పంచ్‌ను నులక తాడుతో కట్టి వేలాడదీసింది, తలకిందులుగా. అది గాలికి తిరుగుతూ ఉంటుంది. లోపలికి పోవాలంటే దాని కింద తల వంచాల్సిందే. నేను వచ్చిన అలికిడి వినగానే ఆమె పని ఆపకుండానే ఒకసారి నా వైపు చూస్తుంది. ఏమీ అడగదు. నేను ఆగి, రెండు జేబులూ బయటికి లాగి చూపించి, తల వంచి లోపలికి వెళ్తాను.